సేవకుడెవరన్న తగవు

నేను కాలేజీలో కొత్తగా చేరి, డిబేటులో గెలవడమే చదువని నమ్ముతున్న రోజుల్లో, బర్మాలో సైనిక పాలనకు ఎదురుతిరిగి యాంగోన్ నగరమంతా వీధుల్లోకి వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. లత అనే పేటలో మా మేడ పై అంతస్తులో ఒక యూదు తాతయ్య ఉండేవారు. ఆయన బంధువులంతా ఎప్పుడో దేశం విడిచి వెళ్లారు. ఆయనతో కూర్చుని పాత లేఖనాలు చదివేది మా పక్కింటి టీచరమ్మ ఒక్కతే. ఆవిడ తెలుగు క్రైస్తవురాలు.

ఆ వారం ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. నోరు మెదపకుండా దెబ్బలు భరించిన సేవకుణ్ణి గురించి ఒక ప్రవక్త రాశాడు. ఆ సేవకుడు యేసేనని, మొదటితరం క్రైస్తవులు అలాగే చదివారని ఆవిడ వాదన. కాదు, దేశదేశాల్లో తరిమివేతకు గురైన తమ జనమేనని ఆయన వాదన. "మీవాళ్లు కళ్లుండీ చూడరు" అని ఆవిడ అనేసింది. ఆయన పుస్తకం మూసేశారు.

బయట కాల్పులు. ఆయన గడప దాటలేరు. ఆవిడ రాకపోతే ఆయనకు పలకరించే మనిషే లేదు. నేనే తీర్పు చెబుతానని పంతం పట్టి ఆవిడను మెట్లెక్కించాను.

"ఏటమ్మీ, నువ్వు జడ్జీవా?" అని తాతయ్య నవ్వారు. ఒకప్పటి తన కొట్టులో తెలుగు కూలీల దగ్గర నేర్చిన భాష ఆయనది. "మా పెద్దలు తగవులో ఓడినోడి మాట కూడా పుస్తకంలో ఉంచీవోరు. ముందు ఎదటోడి మాట, తరవాతే మనది. సయామా, నీ మాట నేను సెప్తాను. తప్పయితే ఆపు."

పంతులమ్మను గౌరవంగా పిలిచే ఆ బర్మా మాటకు ఆవిడ ముఖం కాస్త మెత్తబడింది.

నేరం లేనివాడు ఇతరుల పాపాన్ని మోసి మౌనంగా చావుకు నడిచాడని, యేసు శిష్యులు, తామూ యూదులే అయినవారు, దుఃఖంలో తమ లేఖనాలు తెరిస్తే ఆ పుటలో ఆ ముఖమే కనబడిందని తాతయ్య చెప్పారు. ఆవిడ ఆపలేదు. "నానే ఇంత బాగా సెప్పలేను తాతా" అంది.

ఆయన వాదన చెప్పాల్సిన ఆవిడ వంతు కష్టమైంది. మాటిమాటికీ యేసు వైపు జారిపోయేది. "అది నీది, నాది కాదు" అని ఆయన ఆపేవారు. చివరకు, వీధిలో తుపాకీ మోత వినిపిస్తుండగా, "ఒక్క మనిషి కాదు, ఒక జనం. ఆళ్ల దెబ్బలు చూసి దేవుడే కొట్టాడనుకుంది లోకం. తప్పు లోకానిది" అంది.

"ఇంకేటి, కూకో. తరవాత అధ్యాయం సదువు" అన్నారు తాతయ్య.

ఇద్దరిలో ఎవరూ తమ నమ్మకం మార్చుకోలేదు. నా తీర్పు ఎవరూ అడగలేదు. నేటికీ ఒకరిని ఖండించబోయే ముందు, వారి వాదనను వారే ఔననేలా చెప్పగలనా అని పరీక్షించుకుంటాను. చెప్పలేకపోతే నోరు విప్పను. చెప్పగలిగితే మాత్రం, నా మాట నుంచి నన్ను ఎవరూ కదిలించలేరు.