డ్రోను ఎగరేయడానికి రాజమండ్రి వెళ్ళిన లెక్కల మాస్టారు

ఉదయం ఆరున్నరకి తణుకులో పాసింజరు ఎక్కాం. నా చేతిలో డ్రోను పెట్టె, వెనకాల మా కాలేజీ ఎన్.సి.సి. క్యాడెట్ సుజాత. రాజమండ్రిలో ఒకరోజు శిబిరం. క్యాడెట్లకు డ్రోనుతో విమానవిద్యలో మెలకువలు నేర్పి, బాగా నడిపినవాళ్ళను ఇంజను లేకుండా ఎగిరే గ్లైడర్ విమానం శిక్షణకు పంపుతారు. నేర్పగల అధ్యాపకుడుంటేనే సీటన్నారు గనక, ఉన్నాడని నేనే సంతకం పెట్టాను. అప్పటిదాకా నేను ఎగరేసింది గాలిపటమొక్కటే, అదీ కరెంటు తీగల దాకా.

నిడదవోలులో ఎక్కిన ఒక రైతు, "ఏంటండి అది, హార్మోనియమా?" అన్నాడు.

"డ్రోనండి. పిల్లలకి నేర్పుతుంటాను."

"మా చేలో మందు కొట్టేది అదేనండి. మా అల్లుడు రెండుసార్లు కాలవలో పడేశాడు. మీరు చదువుకున్నోరు, మీకేం పర్లేదులెండి."

సుజాత కిటికీ వైపు తిరిగి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. రెండు నెలలు కంప్యూటర్ ల్యాబులో తెరమీద డ్రోను నడిపి చూస్తూ తనంతట తనే నేర్చుకున్న పిల్ల అది. నేను చేసిందల్లా ల్యాబు తాళం తీయడం.

ఎనిమిదింటికి రాజమండ్రిలో దిగి, ఆటోలో మైదానానికి చేరాం. పది గంటలకి, ముందుగా అధ్యాపకులు నడిపి చూపించాలన్నారు శిక్షకురాలు హైమావతి గారు.

డ్రోను పైకి బాగానే లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్కడితో దించేసి ఉంటే పరువు దక్కేది. చప్పట్లకు పొంగిపోయి దాన్ని నా వైపు తిప్పాను. దాని ముక్కు మనవైపు తిరిగితే దాని కుడి మన ఎడమవుతుంది. మైనస్ గుర్తు మరిచిన పిల్లలకు ఇరవై ఏళ్ళుగా మార్కులు కోస్తున్న నాకు ఆ ముక్కే గుర్తు రాలేదు. డ్రోను భోజనాల షామియానా మీద పడి, జారి, పులిహోర గుండిగ పక్కన ఆగింది. రెండు రెక్కలు విరిగాయి.

సుజాత వంతు మధ్యాహ్నం. మాకున్నది ఆ డ్రోనొక్కటే. ఆ పిల్ల విరిగిన ముక్కలు ఏరుకుని నిలబడింది. తిట్టినా బాగుండేది.

హైమావతి గారి దగ్గరికి వెళ్ళి, "నాకు రాదండి. అబద్ధం సంతకం పెట్టాను. నన్ను పంపేయండి, అమ్మాయిని మాత్రం ఆపకండి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "మీ సంగతి మీ ప్రిన్సిపాల్ గారికి రాస్తాను. రెక్కలు మా దగ్గరున్నాయి, అమ్మాయిని బిగించుకోమనండి."

మూడు గంటలకి సుజాత రెండు జెండాకర్రల మధ్య ఎనిమిది అంకె చుట్టి, గీసిన గడిలో డ్రోనును దించింది. గాలి కొడుతున్నా డ్రోను పక్కకు పోలేదు. గ్లైడర్ శిక్షణకు పిలిచిన నాలుగు పేర్లలో మూడోది ఆమెది. తర్వాత నా దగ్గరికొచ్చి రిమోటు అందించింది.

"తోక మీ వైపే ఉంచండి సార్. మీరే లోపల కూర్చున్నారనుకోండి."

ఈసారి తలెత్తులో పావుగంట ఎగరేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సాయంత్రం తిరుగు పాసింజరు వంతెన ఎక్కింది. ఇలాంటి శిబిరాలకు వెళ్ళదలచిన మాస్టార్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: పిల్లల దగ్గర ముందే నేర్చుకుని వెళ్ళండి. సుజాత అప్పుడే వరికోతల నుంచి ఇంటికొచ్చిన వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

"సెలెక్టయ్యానమ్మా... లేదు, భయం వెయ్యలేదు. సార్ పొద్దుట్నుంచీ నాతోనే ఉన్నారు."

అంతే చెప్పింది. షామియానా మాట ఎత్తలేదు. నేను కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాను.