శాతం తగ్గింది, రోగం తగ్గలేదు

ఆ రోజు కాంటా గదికున్న ఏడు మెట్లు ఎక్కలేక నాలుగో మెట్టు మీదే కూర్చుండిపోయాను. పెద్దపల్లి దగ్గర ఒక రైస్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా ధాన్యం తూకం, తేమ లెక్క చూసేది నేనే. అప్పటికే నెల నుంచి ఒళ్లంతా దురద, పొడి దగ్గు.

మా వీధి చివరి డాక్టరు రక్తపరీక్ష చూసి, "ఇస్నోఫీలియా. మిల్లు దుమ్ము. మీ మిల్లోళ్లందరికి ఉండేదే," అన్నాడు. ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు నలభై రెండు శాతం. నులిపురుగుల మాత్రలు, అలర్జీ మాత్రలు రాశాడు. ఐదు నెలలు అవే మింగాను. ఆయాసం పెరిగింది, పాదాలు వాచాయి.

మళ్లీ పరీక్ష చేస్తే ముప్పై ఒకటి. "పదకొండు దిగింది. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. మొదటిసారి తెల్లకణాలు మొత్తం పదకొండు వేలు. అందులో నలభై రెండు శాతమంటే 4,620. ఇప్పుడు మొత్తం ఇరవై నాలుగు వేలు. ముప్పై ఒక శాతమంటే 7,440. తగ్గడమేమిటి! లోడు బరువు చెప్పకుండా తేమ శాతం ఒక్కటే చెప్పి లెక్క తేల్చమంటే మిల్లులో ఏ రోజూ ఒప్పుకోలేదు. నా రక్తం విషయంలో ఐదు నెలలు ఒప్పుకున్నాను.

ఆ లెక్క తీసుకెళ్లి ఆయనకు చూపించాను.

"నువ్వు వడ్లు జోకు. రోగం నేను జోకుత," అన్నాడు. బెంచీ మీదివాళ్లు నవ్వారు. నా భార్య సుజాత నవ్వలేదు.

"లెవ్వు, లెక్కల సారూ! గీడ నీ గుణకారం జదివెటోడు లేడు. కరీంనగర్ పోదాం."

కరీంనగర్‌లో రక్తవ్యాధుల డాక్టరమ్మ శాతం వైపు చూడనే లేదు. "ఈ 7,440, అబ్సల్యూట్ కౌంట్, ఎవరు ఏసిండ్రు?"

"నేనే, మేడమ్."

"జర ముందు రావాల్సింది."

గుండెకు తీసిన ఎకో స్కాన్‌లో తేలింది: ఆ కణాలు గుండె గోడను దెబ్బతీస్తున్నాయి. తుంటి ఎముక నుంచి మూలుగ (బోన్ మ్యారో) తీశారు. శాంపిల్ సరిపోలేదని మళ్లీ పొడిచారు. అప్పుడు నేను తిట్టినవి ఇక్కడ రాయను. రక్తంలో జీన్ టెస్టు కూడా చేశారు.

"ఇది అలర్జీ కాదు, పురుగులు కావు," అంది రిపోర్టులు చూసి. "మూలుగలోనే తేడా. రెండు జీన్లు అతుక్కున్నయ్. దీనికి ఇమాటినిబ్ మంచిగ పనిచేస్తది. ఈ మార్పు లేకుంటే మందు వేరే ఉండేది."

గుండె కోసం మొదట్లో స్టెరాయిడ్ కూడా ఇచ్చింది. నాలుగో వారానికి కౌంట్ 310.

ఇప్పుడు రోజూ మాత్ర, మూడు నెలలకోసారి పరీక్ష. కౌంట్ మామూలుగానే ఉంది. గుండె గోడ మీది మచ్చ మాత్రం ఇక పోదట. ఏడు మెట్లకు రెండుసార్లు ఆగుతాను. ఆగిన ప్రతిసారీ ఆ ఐదు నెలలు గుర్తొస్తాయి. ఆయన్ని క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు.

మీ రిపోర్టులో ఇయోసినోఫిల్స్ శాతాన్ని మొత్తం తెల్లకణాలతో గుణించి, వందతో భాగించండి. 1,500 దాటి అలాగే నిలిస్తే కారణం తేలేదాకా అడగండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మెట్లెక్కాల్సింది వాళ్లు కాదు.