దిష్టిబొమ్మ నీడ

మా తమ్ముడి బస్సుకు దిష్టి తగల్లేదు. పెళ్లిళ్లలో, చావుల్లో కలిసినప్పుడల్లా తగిలిందనే చుట్టాలందరి మీదా నాకు కోపం. వాళ్లకు ఆ మాట నేర్పింది నేనే కాబట్టి నా మీద ఇంకా కోపం.

తమ్ముడు గల్ఫ్‌లో కరెంటు పని చేసి వచ్చాడు. బడిపిల్లల పాత మినీ బస్సు కొని, కోరుట్లలో ఒక షెడ్డు ముందు పెట్టి దాన్ని ఇల్లు చేశాడు. పైన సోలార్ పలకలు, సీట్లు తీసిన చోట బ్యాటరీలు, మబ్బు రోజుల కోసం వెనక చిన్న జనరేటర్. మరదలు సిరిసిల్ల బట్టతో లంగాలు కుట్టి అమ్మేది. మిషను మోటారు, ఫ్యాను, బల్బు అన్నీ ఎండ మీదే నడిచేవి. అంగడి ఎక్కడుంటే ఇల్లు అక్కడ: ఎల్లంతకుంట, వేములవాడ, ఇబ్రహీంపట్నం. ఇలాంటి బళ్లు కట్టి ఇచ్చే పనితో ఇక ఇక్కడే బతకాలని వాడి ఆశ.

జనం బస్సెక్కి చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆ చూపులకు నేను భయపడ్డాను. కప్పు మీద ఇనుప చువ్వ బిగించి పెద్ద దిష్టిబొమ్మను కట్టాను. గడ్డి కూరిన అంగీ, కోరమీసాల కుండ తల.

"అన్నా, బొమ్మ తియ్యే. ఒక్క పలక మీద నీడ వడ్డా వరుసంత సల్లవడ్తది, కరెంటు తగ్గుతది. గంత కట్టాల్నంటే ముంగట బంపరుకు కట్టు."

"బంపరుకు కడితే ఎవ్వనికి కనవడ్తదిరా?"

వాడు తీసేశాడు. ఆ వారమే మరదలికి జ్వరమొచ్చింది. ఇంకేం, "సూసినవా?" అంటూ మళ్లీ నేనే కట్టాను. అన్నను కాదనలేక వాడు ఊరుకున్నాడు.

బ్యాటరీలు ఏ రోజూ పూర్తిగా నిండలేదు. జనరేటర్ పొద్దంతా మొత్తుకునేది. "సోలార్ బండంటివి, పిండిగిర్ని లెక్క కొట్టుకుంటున్నదేందే! గల్ఫ్‌ల గిదేనా నేర్సింది?" అని అంగట్లో నవ్వేవాళ్లు. అరకొరగా నిండీ నిండీ చివరికి బ్యాటరీలు చచ్చాయి. తనకూ అలాంటి బండి కావాలని జగిత్యాల నుంచి ఒకాయన చూడటానికి వచ్చిన పూటే, మరదలు స్విచ్చి వేస్తే సూది కదల్లేదు. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు. తమ్ముడు బస్సు అమ్మేసి మళ్లీ విమానమెక్కాడు.

అప్పుడు నేనేమన్నాను? "జెప్పిన గదా, దిష్టి గొట్టింది" అన్నాను. అందరూ అదే పట్టుకున్నారు. తమ్ముడు చెప్పిన నీడ మాట వాడు పోయాక గానీ నా బుర్రకెక్కలేదు.

మొన్న ఒక పెళ్లిలో, బంతిలో కూర్చున్నప్పుడు మేనత్త అదే పాట ఎత్తుకుంది. విస్తరి ముందు నుంచి లేచి అరిచాను.

"దిష్టి గాదు అత్తా, నీడ! నేను కట్టిన బొమ్మ నీడ!"

"అయ్యో అల్లుడా, నీకు గూడ తగిలినట్టున్నది. ఎర్రనీళ్లు దిప్పిచ్చుకో."

బంతి బంతంతా నవ్వింది. మరదలు నవ్వలేదు. "గీ మాట గప్పుడే అంటే ఆయన ఈడనే ఉంటుండె బావా," అంది, తలెత్తకుండా.

ఆమె ఇప్పుడు సిరిసిల్లలో కాలితో మిషను తొక్కుతోంది. ఆ రోజే తమ్ముడికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"నాకు ఎర్కలేదా అన్నా? నాకెందుకు జెప్తున్నవ్? పని రాదని నవ్విన్రు సూడు, ఆళ్లకు జెప్పు."

చెబుతున్నాను. వాడి పనిలో ఒక్క తప్పు లేదు.