మైనంగారి ఎలుగుబంటి

పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో అన్నదమ్ములిద్దరూ ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశారు. ఇద్దరి బల్లలూ ఎదురెదురు గోడలకు ఉండేవి. కూర్చుంటే ఒకరి వీపు ఒకరికి. అన్న మైనంతో చిగుళ్లు మలిచేవాడు. తమ్ముడు తయారైన సెట్టును మెషీను మీద అరగదీసి మెరుగుపెట్టేవాడు. అన్న గుండె ఆగిపోయిన మధ్యాహ్నం కూడా తమ్ముడి చేతిలో ఎవరిదో పైదవడ ఉంది.

పలకరించడానికి వచ్చినవాళ్లు అతని కళ్లలో తడి లేకపోవడం చూశారు. “ఎంత గుండె నిబ్బరమో!” అన్నారు కొందరు. “రాతిగుండె” అని మెట్లు దిగాక గొణిగారు మరికొందరు. రెండూ కాదు. మత్తు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో, అతనికి మనిషంతా అలా ఉంది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది. నొప్పి మాత్రం లేదు. నాలుగో రోజు ల్యాబుకు వెళ్లి ఆ పైదవడ పూర్తిచేసి పంపేశాడు.

అతనికి పెళ్లికాలేదు. కింద గదిలో అతను, పైన వదిన, ఆమె కూతురు. పని నుంచి రాగానే కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మూడు నెలలు చూసి అన్న కూతురు తన పాత కంప్యూటరు కిందికి దించింది.

“బాబాయ్, ఆ గోడ చూసి చూసి దానికే విసుగొచ్చుంటుంది. ఇది ఆడు. నీలాంటివాళ్లు వేలమంది ఆడతారు.”

తెర మీద రాక్షసులు, మంచుకొండలు. ఎవరిగా ఆడాలో ఎంచుకోమంది. కత్తివీరుడు, మంత్రగాడు, గాయాలు మాన్పే వైద్యురాలు, వేటగాడు.

“వీళ్లలో అందరికంటే దూరంగా నిలబడేది ఎవరు?”

“వేటగాడు. విల్లుంటుంది. పెంపుడు జంతువు కూడా ఉంటుంది. అది ముందుకెళ్లి దెబ్బలు తింటుంది, నువ్వు వెనకాల నుంచి బాణాలెయ్యడమే.”

“అదే పెట్టు.”

పేరు అడిగితే నోటికొచ్చింది చెప్పాడు: మైనం. జంతువుగా ఒక ముసలి ఎలుగుబంటిని పట్టుకున్నాడు. దానికి పేరు పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు ఇయర్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ ఆడే నలుగురి జట్టు ఒకటి అతన్ని అయిదోవాడిగా చేర్చుకుంది. నాయకురాలు ఒక బస్సు డ్రైవరు. ఆటలో వైద్యురాలు, గొంతు మాత్రం ట్రాఫిక్‌ను పక్కకు తప్పించే గొంతు. డాలు పట్టుకుని ముందు నిలబడేవాణ్ణి అందరూ గోడ అనేవారు. మొదటిరోజే ఎలుగుబంటి అదుపుతప్పి గుహలోకి పరిగెత్తి, అక్కడున్న పిశాచాలన్నిటినీ వెంటేసుకుని తిరిగొచ్చింది.

“ఎవరిదండీ ఇది? ఊరంతా తోలుకొచ్చింది!” అని అరిచింది డ్రైవరమ్మ.

“నాదండి. తప్పయిపోయింది.”

“తప్పు కాదు మైనంగారూ, పెళ్లివారు విడిదికి దిగినట్టుంది!”

అందరూ చచ్చారు, నవ్వారు. అతనికి నవ్వు రాలేదు. కానీ వెంట్రుకవాసి తేడాతో పన్ను అరగదీసే చేతులు అతనివి. నెల తిరిగేసరికి ఎలుగుబంటి అతను ఆగమన్నచోట ఆగేది, వెళ్లమన్నప్పుడే వెళ్లేది. జట్టులో ఇక అతని మీద ఫిర్యాదు లేదు. అందరూ అరుచుకుంటుంటే అతను ‘సరేనండి’, ‘అలాగేనండి’ అనేవాడు, అంతే.

అయిదు వారాలుగా వాళ్లు ఒక మంచు సర్పం చేతిలో ఓడిపోతున్నారు. ఆరో ఆదివారం అది చావుకు దగ్గరైన సమయంలో గోడ కూలాడు. వెనకే డ్రైవరమ్మ, మిగతా ఇద్దరూ పడిపోయారు. మిగిలింది అతను, ఎలుగుబంటి.

“పరిగెత్తకండి మైనంగారూ! జంతువుకు మందు వెయ్యండి, మీరు వెనక్కి నడవండి!” ఆటలో చచ్చినా డ్రైవరమ్మ గొంతు ఆగలేదు.

అతను వెనక్కి నడుస్తూ బాణాలు వేశాడు. ఎలుగుబంటికి మందు, మళ్లీ బాణం. చెవిలో నలుగురూ ఊపిరి బిగబట్టారు. తొమ్మిది నిమిషాలు. చివర్లో సర్పం తోక విసురుకు ఎలుగుబంటి పడిపోయింది. అది పడ్డాక ఇంకో మూడు బాణాలకు సర్పం కూలింది.

కేకలు. గోడ ఏడ్చినంత పని చేశాడు. డ్రైవరమ్మ బల్ల గుద్దుతున్న చప్పుడు.

“అయిపోయిందాండి?” అని అడిగాడు అతను.

“అయిపోయిందా అంటారేంటండీ! మీరసలు మనిషేనా?”

అతను అలవాటుగా ఈల బొమ్మ నొక్కాడు. చచ్చిన జంతువును లేపే ఈల అది, వందసార్లు నొక్కి ఉంటాడు. ఎలుగుబంటి లేచి, ఒళ్లు దులుపుకుని, వచ్చి పక్కన నిలబడింది. అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు. “మైనంగారూ, ఉన్నారా?” అని రెండుసార్లు వినిపించింది. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి పైకి వెళ్లాడు.

వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

“వదినా, నీకొక మాట చెప్పాలి.”

“కూర్చో.”

కూర్చోలేదు. “ఆ రోజు అన్నయ్య నన్ను పిలిచే ఉంటాడు. నా మెషీను ఆడుతోంది. నేను అటు తిరిగి ఉన్నాను. ఎంతసేపటికి తిరిగి చూశానో నాకే తెలీదు. అప్పటికే బల్ల మీద వాలిపోయి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని మళ్లీ పనిలో పడ్డాను.”

వదిన చేతిలోని దుప్పటి సగం మడతలో ఆగింది. మళ్లీ మడిచింది.

“నాకు తెలుసయ్యా. మీ ల్యాబు రిసెప్షన్‌లో అమ్మాయి అప్పుడే చెప్పింది, మెషీను ఆగలేదని.”

“ఇన్నాళ్లూ అడగలేదేం?”

“అడిగి ఏం చెయ్యను? నువ్వే చెప్తావని చూశాను. కోపం రాలేదని చెప్పను. మొదట్లో నీ అడుగుల చప్పుడు వింటేనే ఒళ్లు మండేది. ఇప్పుడు అది కూడా లేదు. ఏదీ లేదు.”

“నాకూ అంతే.”

ఇద్దరూ ఏడవలేదు. ఆమె ఇంకో దుప్పటి తీస్తే అతను రెండో కొస పట్టుకున్నాడు. మిగిలినవి ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

మర్నాడు ల్యాబులో అతను తన బల్లను గది మధ్యకు, తలుపుకు ఎదురుగా జరుపుకున్నాడు. అన్న స్థానంలో కొత్తగా చేరినామె వీపు ఇప్పుడు అతనికి కనిపిస్తుంది. మెషీను ఆడుతున్నా మధ్యమధ్యలో తలెత్తి చూస్తాడు. ఆమెకు మొదట ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైంది.

తర్వాతి ఆదివారం ఆటలో ఉండగా వదిన కిందికొచ్చింది. ఆ గదిలోకి ఆమె రావడం, అన్న పోయాక అదే మొదటిసారి. అతను లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చుని, కళ్లజోడు సర్దుకుని తెరలోకి వంగింది.

“ఇదేనా మా అమ్మాయి చెప్పిన ఎలుగుబంటి?”

“ఇదే.”

“ముసలిదానిలా ఉందే. కరుస్తుందా?”

“చెప్తేనే.”

“ఏదీ, చెప్పు చూద్దాం” అంది వదిన.