కాక తెచ్చిన కబురు

ఎం.ఏ. రెండో ఏడాదిలో మాకు ప్రాచీన గ్రీకు నాగరికత, సాహిత్యం అని ఒక పేపరు ఉండేది. హైదరాబాదులో యూనివర్సిటీ, ఇంగ్లీషు శాఖ. ఆ పేపరు తీసుకున్నవాళ్ళం ఏడుగురం. మిగతా ఆరుగురి సంగతి తెలియదు కానీ నేను మాత్రం ఆ తరగతి గదికి కిటికీలు ఎక్కువని తీసుకున్నాను. గోదావరిఖని ఎండల్లో పెరిగినవాడికి గాలి వచ్చే గది దొరికితే వదులుకోబుద్ధి కాదు.

మూడో వారానికి కిటికీల మాట మర్చిపోయాను. ఏథెన్సు దగ్గర వెండి గనులు ఉండేవని, ఆ వెండితోనే యుద్ధనౌకలు కట్టారని మా సారు రెండు ముక్కల్లో చెప్పి గుళ్ళ నిర్మాణంలోకి వెళ్ళిపోయారు. నేను గనుల దగ్గరే ఆగిపోయాను. లైబ్రరీలో వెతికితే మరికొంత దొరికింది. మనిషి పాకుతూ పోవలసిన సొరంగాలు, వాటిలో బానిసలు, గోడలకు నూనె దీపాలు పెట్టుకోవడానికి చెక్కిన చిన్న గూళ్ళు. మా నాన్నను మేం బాపు అంటాం. బాపు భూగర్భ గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. దసరా సెలవుల్లో క్వార్టర్ ముందు మంచం వేసుకుని కూర్చున్నప్పుడు ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన దీపాల గురించి అడగలేదు.

"కప్పుకు ఏం ఆధారం పెట్టేటోళ్ళు?" అన్నాడు.

"రాతి స్తంభాలు ఇడిసిపెట్టేటోళ్ళట బాపు. వాటిని తొలిచినోన్ని సంపేటోళ్ళట."

"మంచి కానూనే. మనం గుడ బొగ్గు పిల్లర్లు ఇడుస్తం. మల్ల ఎనుకకు వచ్చుకుంట వాటినే తీస్తం. తీసేటప్పుడే ఉంటది అసలు కథ."

ఆ మంచం మీదే మా కాక కూడా ఉన్నాడు. బాపు తమ్ముడు. అదే బాయిలో, అంటే అదే గనిలో, పైన ఆఫీసులో అటెండరు. ఫైళ్ళు మోయడం, చాయ్ తేవడం ఆయన ఉద్యోగం. ఏ కాగితంలోనూ లేని పని ఇంకొకటి ఉండేది. లోపల ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆ ఇంటికి కబురు తీసుకెళ్ళేది ఆయనే. ఎవరూ ఆ పనికి పెట్టలేదు. ఒకసారి వెళ్ళాడు, బాగా చేశాడన్నారు, అంతే.

బాగా చేయడమంటే నిజం చెప్పకపోవడం. సైకిల్ దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు పక్క క్వార్టర్ ఆడవాళ్ళను పిలిచేవాడు. వాళ్ళు వచ్చి నిలబడ్డాక ఒక్కటే మాట అనేవాడు. "కాలికి దెబ్బ తగిలింది, దవాఖానకు పోదాం పా." తల పగిలినా, ఛాతీ నలిగినా, మనిషే లేకపోయినా ఆ మాట మారేది కాదు. దవాఖాన చేరేలోగా దారిలో కొంచెం కొంచెం పెంచేవాడు. కాలు కాస్తా నడుం అయ్యేది, నడుం కాస్తా స్పృహ లేదట అయ్యేది. గేటు దాకా వచ్చేసరికి ఆ ఇల్లాలికే తెలిసిపోయేది.

ఆ సాయంత్రం కాక అడిగితే గ్రీకు నాటకం గురించి చెప్పాను. అందులో చావు జనం కళ్ళముందు జరగదని, తలుపు వెనక జరుగుతుందని, తర్వాత ఒకడు బయటికి వచ్చి చూసింది చూసినట్టు చెబుతాడని. వాడికి పేరు కూడా ఉండదు. కాపలావాడో, పశువుల కాపరో.

"ఎవలకు చెప్తడు?" అన్నాడు కాక.

"ఎవలుంటే వాళ్ళకే. సచ్చినోని తల్లి ఉన్నా, పెండ్లాం ఉన్నా మొఖం మీదనే చెప్తడు. ఒక్క ముక్క ఇడువడు."

"ఎంత సేపు?"

"పది నిమిషాలు, పదిహేను నిమిషాలు."

కాక బాపు వైపు తిరిగాడు. "అన్నా, గీ నాటకంలోడు మన బాయిల పనికి రాడే. ఒక్క దినం డ్యూటీ చేస్తె క్వార్టర్ లైన్ల ఆడోళ్ళు చీపుర్లతోని తరుముతరు."

బాపు నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. నేను నవ్వలేదు. ఆ పేరులేని మనిషి అప్పటికే నాకు బాగా నచ్చాడు.

"మనింట్ల ఏమన్న అయితే నాకు ఎట్ల చెప్తవు కాకా? కాలికి దెబ్బనేనా?"

"నువ్వు సదువుకున్నోనివి. నీకు సాఫ్ సీదా చెప్త."

"మాటనా?"

"మాటనే" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. శుభం పలకరాదా అని లోపలి నుంచి అమ్మ మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో వచ్చాయి. గ్రీకు పేపరు మంగళవారం. సోమవారం సాయంత్రం కాక హాస్టల్‌కు వచ్చాడు. యూనియన్ పని మీద పట్నం వచ్చానన్నాడు. నా గదిలో నా మంచం మీదే కూర్చుని, పుస్తకాల బొత్తి చూసి, ఇవన్నీ ఒక్క పరీక్షకేనా అన్నాడు. బాపు ఎట్లున్నడని అడిగాను.

"మంచిగున్నడు. నైట్ షిఫ్టు పడ్డది. గందుకే నీకు ఫోన్ చేస్తలేడు."

నాకు సెల్‌ఫోన్ లేదు. హాస్టల్ ఆఫీసులో ఉన్న ఫోన్‌కు బాపు ఆదివారాలు చేసేవాడు. ఆ ఆదివారం చేయలేదు. కాక చెప్పిన కారణం సరిపోయింది. లేచి వెళుతూ, నా గదిలోనే ఉండే మందమర్రి స్నేహితుడిని బస్సు చూపించమని వెంట తీసుకెళ్ళాడు. అతను తిరిగొచ్చి, తలనొప్పి అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పరీక్ష ముందు ఎవరికైనా తలనొప్పి వస్తుందనుకున్నాను.

మర్నాడు ప్రశ్నపత్రంలో నేను కోరుకున్న ప్రశ్నే వచ్చింది. గ్రీకు నాటకంలో వార్తాహరుడి పాత్ర. ఎనిమిది పేజీలు రాశాను. వినేవాళ్ళు ఎంత భరించగలరో తేల్చే అధికారం అతను తీసుకోడని, అందుకే అతను చిన్నవాడైనా నాటకం అతని మీద నిలబడుతుందని రాశాను. రాస్తున్నంతసేపూ సంతోషంగా ఉన్నాను. ఇది దాచడంలో అర్థం లేదు.

బయటికి వస్తే గేటు దగ్గర కాక నిలబడి ఉన్నాడు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"మంచిగ రాసిన. నువ్వు ఇంక పోలేదా?"

ఆయన నా చేతిలో అట్ట, పెన్ను తీసుకున్నాడు. వాటిని తన చంకలో పెట్టుకున్నాక చెప్పాడు.

"మీ బాపు కాలికి దెబ్బ తగిలింది. దవాఖానకు పోదాం పా."

ఇంకేం అడగనక్కర్లేదు. అయినా ఏ దవాఖాన అని అడిగాను.

"గీడనే, పట్నంలనే" అన్నాడు.

శనివారం మొదటి షిఫ్టులో, పిల్లర్లు తీసే చోట కప్పు పడింది. గోదావరిఖనిలో కట్టు కట్టి, అదే సాయంత్రం బాపును హైదరాబాదు తెచ్చారు. మా హాస్టల్ ముందు ఆగే సిటీ బస్సే ఆ ఆసుపత్రి ముందు కూడా ఆగుతుంది. నలభై నిమిషాలు. మంగళవారం పదకొండున్నర ప్రాంతంలో ఆయన పోయారు. అప్పటికి నేను బహుశా నాలుగో పేజీలో ఉంటాను.

అంబులెన్స్‌లో ఇంటికి తెస్తున్నప్పుడు కాకను అడిగాను.

"మాట్లాడిండా?"

"మాట్లాడిండు."

"నిన్న నువ్వు నా తానికి వచ్చినప్పుడు?"

కాక బయటికి చూశాడు. "అప్పుడు గుడ మాట్లాడుతుండె."

అమ్మకు తెలుసు. నా స్నేహితుడికి తెలుసు. తర్వాత తెలిసింది, హాస్టల్ ఆఫీసులో గుమాస్తాకు కూడా తెలుసు, ఫోన్ వస్తే నన్ను పిలవొద్దని కాక ఆయనకు చెప్పి వెళ్ళాడు. అంత శ్రద్ధగా చేశాడు. అందరూ నా మంచికే చేశామన్నారు. నాకు కావలసింది ఒక్క నలభై నిమిషాల బస్సు ప్రయాణం, దాని చివర బతికి ఉన్న మనిషి. అది వాళ్ళ చేతిలో ఉండీ ఇవ్వలేదు.

ఆ పేపరులో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. సారు పరిశోధనకు రమ్మని ఉత్తరం రాశారు. జవాబు ఇవ్వలేదు. గ్రీకు పుస్తకం మళ్ళీ ముట్టలేదు. పత్రికలో చేరాను, మా ప్రాంతం గనుల వార్తలే ఎక్కువ రాశాను. కాకతో పెళ్ళిళ్ళలో, చావుల దగ్గర తప్ప మాట్లాడలేదు. ఆయన పలకరిస్తే తల ఊపేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఆయనే మా ఇంటికి వచ్చాడు. రిటైరై చాలా ఏళ్ళయింది, ఊపిరి అందడం లేదు. ఫ్యాన్ కింద కూర్చుని రొప్పు తగ్గనిచ్చాడు. తర్వాత అన్నాడు.

"నేను గాదు బిడ్డా. మీ బాపే వద్దన్నడు. పరీక్ష అయినంక తోలుకరా, ఒక్క దినంల నాకేం గాదు అన్నడు."

"గిన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"చెప్తె నీ కోపం సచ్చినోని మీదికి పోతది. నా మీద ఉంటె నేను మోస్త గద."

ఆ రాత్రే అని కాదు, చాలా రోజులు ఆలోచించాను. బాపు అలా అనగలిగిన మనిషే. కానీ ఎదుటివాళ్ళు ఎంత మోయగలరో చూసి అంతే చెప్పడం కాక జీవితమంతా చేసిన పని. ఈ మాట కూడా నా కోసం తయారు చేసిందే కావచ్చు, ఇన్నేళ్ళకు దొరికిన మంచి మాట కావచ్చు. అమ్మను అడిగాను. ఆసుపత్రిలో బాపు, కాక మాట్లాడుకున్నప్పుడు తాను మందులకని కిందికి పోయానంది. ఒక్కరి మాట మీద నేను ఎన్నడూ వార్త పంపలేదు. ఈ వార్తకు రెండో మనిషి లేడు.

కాక ఆ రోజు వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

"నమ్మినవా?"

ఆయన రొమ్ము పైకీ కిందికీ ఆడుతోంది. మెట్లు దిగాలి, ఆటో దాకా నడవాలి.

"నమ్మిన కాకా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూశాడు. అలాంటి మాట మనుషులు ఎందుకు చెబుతారో ఆయనకంటే తెలిసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు.