నేను చదివితే పోయిన అత్తగారు

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నేను చదివితే నిక్షేపంలా ఉన్న అత్తగారే పోయింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నా ముఖం మీదే నవ్వినవాళ్ళున్నారు, మీకేం మొహమాటం?

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా కోడలు, చిత్తూరు పిల్ల. తిరుత్తణిలో మా నేతవీధి ఆడవాళ్ళకు మాట తెలుగు, చదువు అరవం. అందుకని సాయంత్రాలు వాళ్ళు తిన్నె మీద కండెలకు నూలు చుడుతుంటే, నేను తెలుగు నవల చదివి వినిపించేదాన్ని. చదివే మనిషికి పని మాఫీ, కాఫీ మొదటి లోటా ఆమెకే. ఆ దర్జా కలెక్టరుకైనా ఉంటుందా? కోడలు ఆ వేళకు ఉద్యోగం నుంచి వచ్చేది కాదు గనుక నా చదువుకు తనిఖీ కూడా లేదు.

నవలలన్నీ ఒకే రచయిత్రివి, ఒకే ఇంటి కథలు. గడుసు కోడలు, ఆమెను మించిన సుందరమ్మత్త, ఇద్దరి మధ్యా రోట్లో తల పెట్టిన మొగుడు. ఒకరోజు కాఫీపొడి దగ్గర తగవొచ్చి సుందరమ్మత్త సంచి సర్దుకుని గడప దాటింది. సరిగ్గా అప్పుడే నాకు ఇంట్లో నానబోసిన ఇడ్లీ బియ్యం గుర్తొచ్చింది. పేజీలేమో ఇంకా ఉన్నాయి. నా చదువేమో ఎదురెక్కే ఎద్దుబండి.

"మెట్టు దిగతా కాలు జారి సుందరమ్మత్త చచ్చిపోయినాది. కథ అయిపాయ, లేయండి" అన్నాను.

వీధి గొల్లుమంది. పక్కింటి వల్లెమ్మ ఇంటికి పోయి తలకు చన్నీళ్ళు పోసుకుంది. పిండి రుబ్బుతున్నంతసేపూ నాకు నవ్వే.

ఆ నవ్వు తర్వాతి నవల దాకానే. మొదటి పేజీలోనే సుందరమ్మత్త కాఫీ అడిగింది. నేనూ వెనకాముందూ చూడకుండా చదివేశాను.

"ఏందక్కా, చచ్చినాయమ్మ కాఫీ అడగతా ఉండాది?" అంది వల్లెమ్మ.

"ఇది ఆయమ్మ చెల్లెలు. పేరు అదే."

"అక్కాచెల్లెండ్లకు ఒకే పేరా?"

"వాళ్ళ నాయనకు మతిమరుపు. నువ్వు నూలు చుట్టు!"

మా మురుగయ్య కొండకు ఆడికృత్తిక పండగ వచ్చింది. కొండకు వచ్చిన ఆ రచయిత్రిని, ఆమె వెంట ఉన్న ముసలమ్మను మా కోడలు ఎక్కడ పట్టుకుందో, నేరుగా మా తిన్నె మీదికి తెచ్చి కూర్చోబెట్టింది. నా గుండె మగ్గంలో నాడెలా అటూ ఇటూ కొట్టుకుంది.

వల్లెమ్మ రచయిత్రి చేతులు పట్టుకుంది. "ఎంత పని చేస్తివి తల్లీ! సుందరమ్మత్తను అట్ల సంపేస్తివే! పావం, నేను తలకు పోసుకుంటి."

"సంపినానా? నేనా?" రచయిత్రి తెల్లబోయి, పక్కన కాఫీ తాగుతున్న ముసలమ్మను చూపించింది. "ఇదో, మా అత్తను చూసే కదమ్మా సుందరమ్మత్తను రాసింది!"

ముసలమ్మ లోటా దించింది. "నన్ను సంపినదెవురు?"

వీధిలో ఉన్న వేళ్ళన్నీ నావైపు తిరిగాయి.

"పుస్తకం తే. నేను చచ్చిన కాడ్నించి చదువు."

వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. సుందరమ్మత్త మెట్టు దిగింది. జారలేదు. తిరుపతి బస్సెక్కి కూర్చుంది. బస్సు కదిలేలోపు కోడలు పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి కాఫీ ఫ్లాస్కు అందించింది. ఇంత మంచి పేజీని ఇడ్లీ పిండికి బలిచ్చానా!

"అక్కా, నేను పోసుకున్న చన్నీళ్ళకు జవాబేంది?" అంది వల్లెమ్మ. ఆరోజు నాకు కాఫీ అందరికన్నా చివర, అడుగు మడ్డితో వచ్చింది.

కొండ మీది మురుగయ్య సాక్షిగా చెబుతున్నాను. పిండి పులిసి వీధిన పడినా సరే, ఇకమీద ఏ పుస్తకంలోనూ ఎవరి ప్రాణమూ తీయను. మరీ తొందరైతే బస్సెక్కిస్తాను, అంతే.