ఆ రిపోర్టులో అన్నీ ఆర్‌లే

మా ల్యాబ్‌లో ఎవరికీ ఇప్పటికీ చెప్పలేదు. 2024 వానాకాలంలో ఒక రిపోర్టు మీద సంతకం పెట్టి, వార్డు దాకా నడిచి, తలుపు అద్దంలోంచి రోగిని చూసొచ్చాను. హైటెక్ సిటీ దగ్గరి ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుని నేను. మాకు కనబడేది క్రిములే, మనుషులు కాదు. నాకు అదే హాయి.

రోగి శ్రావణి, నిజాంపేట హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకునే పిల్ల. ఆఫీసు పార్టీలో మయోనైజ్ తిన్న మర్నాటి నుంచి విరేచనాలు, జ్వరం. మలపరీక్షలో సాల్మొనెల్లా అనే క్రిమి బయటపడింది. క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూడడాన్ని సెన్సిటివిటీ అంటాం. లొంగితే ఎస్, లొంగకపోతే ఆర్. ఈ క్రిమికి మందుల వరసంతా ఆర్‌లే. భయమేసి వార్డుకు వెళ్లాను. ఆ పిల్ల మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటోంది.

మా దగ్గర రిపోర్టు డాక్టరు కంటే ముందు ఇంటివాళ్ల ఫోన్‌కి చేరుతుంది. నేను తిరిగొచ్చేసరికి శ్రావణి తల్లి యాదమ్మగారు ల్యాబ్ కిటికీ దగ్గర ఉన్నారు. నార్సింగిలో ఉన్న కొడుకు రిపోర్టు చదివి, ఏ మందూ పనిచేయదని చెప్పాడట. వేరే ఆసుపత్రికి మార్చడానికి అంబులెన్సు మాట్లాడుతున్నాడట. డాక్టరుగారికి ఫోన్ చేశాను. జ్వరం తగ్గింది, సెలైన్ తప్ప యాంటీబయాటిక్ అసలు ఇవ్వలేదు, ఆ మాట నువ్వే చెప్పు అన్నారు.

"మందులే పన్జెయ్యకుంటే నా బిడ్డ ఎట్ల బతుకుతది మేడమ్?"

నేను కిటికీ దగ్గరికి జరిగాను.

"హెల్మెట్ పెట్టుకున్నోళ్లంతా కొట్లాటలో గెలుస్తారా అమ్మా? ఈ క్రిమికి హెల్మెట్ గట్టిదే. కొట్టే బలం అంత లేదు. మీ అమ్మాయి ఒళ్లే దాన్ని తరిమేస్తోంది."

"నువ్వు జూసినవా?"

"చూశాను. పెరుగన్నం తింటోంది."

ఆవిడ అక్కడే కొడుక్కి ఫోన్ కలిపారు. "అరేయ్, బండి వద్దను. అక్క అన్నం తింటుందంట."

మందుకు లొంగకపోవడం ఒకటి, మనిషిని పడగొట్టే శక్తి ఇంకొకటి. కొన్ని క్రిముల్లో రెండూ ఒకే జన్యుముక్క మీద కలిసొస్తాయి. కొన్నిటిలో ఆ రక్షణ మోసే బరువుకే క్రిమి నీరసిస్తుంది. ఏది ఏమిటో ఆర్‌లు చెప్పవు. అంతకాలం చదివిన నాకు అది ఒంటబట్టింది మాత్రం ఆ తలుపు అద్దం దగ్గరే.

యాదమ్మగారు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశారు.

"నువ్వు గూడ జర ఏమన్న తిను బిడ్డా. నాకంటె నువ్వే ఎక్కువ పరేషానైనట్టున్నవ్."